పరీక్షలో నెగ్గిన బిడ్డ లోపమును దాచవచ్చునా?



గడచిన వేసవిలో ఒకనాటి ఉదయమున మన సంఘ సభ్యులొకరు మా యొద్దకు వచ్చిరి. వారి ఒక చేతిలో మట్టి పరీక్షకై తెచ్చిన గుడ్డసంచియు, రెండవ చేతిలో నాలుగు మడతలు పెట్టిన కాగితమును ఉండెను. సంచిని బల్లపై నుంచిరి గాని కాగితమును మాత్రము చాలసేపు విడువలేదు. తుదకు, తమ చిన్న కుమారుడు నవోదయ విద్యాలయ ప్రవేశపరీక్షలో ఎంపికయ్యెనని మెల్లగా చెప్పిరి. మేము సంతోషించి అభినందింపబోగా వారు చేయెత్తి వారించి, తలుపువైపొకసారి చూచి, "అయ్యా, వానికి ఫిట్సు ఉన్నవి" అనిరి.

రెండేండ్ల క్రిందట ఆ బాలునకు రెండుమార్లు మూర్ఛ వచ్చినది. ప్రభుత్వ వైద్యశాలలో చూపగా మాత్రలు వ్రాసిరి. నాటినుండి ఉదయము ఒకటి, రాత్రి ఒకటి తప్పక వేసికొనుచున్నాడు; మరల రాలేదు. ఇప్పుడు విద్యాలయములో చేర్చునప్పుడు వైద్యుని ధ్రువపత్రము కావలయునట. ఈ సంగతి చెప్పిన సీటు పోవునేమో, చెప్పకున్న నేమగునో యని వారి బెంగ. ఇంటియొద్ద అప్పటికే ఒక ఏర్పాటు జరిగిపోయినది. తల్లి ఆ మాత్రలను పసుపు పెట్టుకొను చిన్న డబ్బాలో పోసి, ఇనుప పెట్టెలో బట్టల అడుగున దాచి, ఎవరును చూడనప్పుడు మ్రింగవలెనని పిల్లవానికి పాఠము చెప్పినది. పదేండ్ల బిడ్డ అరువదిమంది నడుమ, రోజుకు రెండుమార్లు, ఏడు సంవత్సరములు ఎవరును చూడకుండ మాత్ర మ్రింగవలెను!

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, తెగుళ్ళను గూర్చియు వ్రాయు మేము ఈ నెల ఈ సంగతి నెత్తుకొనుటకు కారణమిదియే. ఇట్టి ప్రశ్న మమ్ము అడిగినవారు వీరొక్కరే కాదు. పిల్లలను ఎంపిక పాఠశాలలకు పంపు కుటుంబములు మన గ్రామములలో ఏటేట పెరుగుచున్నవి. పరీక్షకు తయారుచేయుటను గూర్చి చెప్పువారు వీధికొకరు కలరు. నెగ్గిన పిమ్మట బిడ్డలోని కొరతను పాఠశాలవారితో చెప్పవచ్చునా, చెప్పరాదా, చెప్పిన నెట్లు చెప్పవలెను అను మాట చెప్పువారు మాత్రము కానరారు.

తలిదండ్రుల భయమును మేము తేలికగా త్రోసివేయము. నవోదయ సీటన నేమో తెలిసినవారికి ఆ భయము అర్థము కాగలదు. 1986 నాటి జాతీయ విద్యావిధానమును అనుసరించి, తెలివిగల గ్రామీణ బాలబాలికలకై ఈ విద్యాలయములు దేశమంతట ఏర్పడినవి. స్థానములలో నూటికి 75 అయినను పల్లెపిల్లలకే దక్కవలెనని నియమము. చదువు, భోజనము, వసతి అన్నియు ప్రభుత్వపు ఖర్చే. అయితే ఒక్కొక్క విద్యాలయమున 6వ తరగతిలో చేరువారు 80 మందికి మించరు. పోటీపడువారు జిల్లాకు వేలకొలది. పరీక్ష 2 గంటలు, ప్రశ్నలు 80, మార్కులు 100. ఒకసారి వ్రాసినవాడు రెండవసారి వ్రాయుటకు వీలులేదు. వాన యొక్కసారియే కురియునని తెలిసిన సంవత్సరమున విత్తనము చేతబట్టుకొన్న రైతు వంటివాడు ఆ తండ్రి. ఆ ఒక్క పదును తప్పిపోవునేమోయని గుండె కొట్టుకొనుట సహజమే.

ఇట్టి పాఠశాలలు మనకు క్రొత్త కావు. విజయనగరము దాపున కోరుకొండలో సైనిక పాఠశాల 1962లో వెలసినది. నల్లగొండ సీమలో సర్వేలు గురుకులము 1971లో పుట్టినది; పల్లెలనుండి ఏరి తెచ్చిన పిల్లలకు ఒకచోట తిండి, పడక, చదువు ఏర్పరచిన ఆ పద్ధతియే తరువాత రెండు తెలుగు రాష్ట్రములలో వందలాది గురుకులములకు దారితీసినది. వీనిలో సైనిక పాఠశాలల సంగతి వేరు. అచ్చట వైద్యపరీక్ష ఎంపికలో భాగము. రేపు సైన్యమున చేరదగిన దేహము కావలెనని వారి నియమము. కొన్ని లోపములున్న బిడ్డను వారు తీసికొనరు. అది కఠినముగ తోచినను దాచుటవలన ప్రయోజనము లేదు. తక్కిన ఎంపిక పాఠశాలలలో బిడ్డను ఏరునది పరీక్షలో వచ్చిన మార్కు. చేరునప్పుడు అడుగు వైద్యపత్రము బిడ్డ వసతిగృహములో నిలువగలడా యని తెలిసికొనుటకు. ఈ రెంటికి గల భేదము మన తలిదండ్రులకు తెలియక, రెండును ఒకే జల్లెడయని భయపడుచున్నారు.

ఇక మా తప్పును చెప్పవలసియున్నది. అది చెప్పక ఇతరులకు బోధచేయుట తగదు.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పెద్ద కుమారుడు ఒక వసతి పాఠశాలకు ఎంపికయ్యెను. వానికి చిన్ననాటినుండి ఎడమచెవి కారుచుండెడిది. కర్ణభేరికి చిల్లుపడినదనియు, ఆ చెవి సగము మాత్రమే వినుననియు వైద్యుడు చెప్పియుండెను. చేర్చుకొను పత్రములో 'బిడ్డకు ఏవైన శరీరబాధలు కలవా' యను ప్రశ్నకెదురుగా మేము 'లేవు' అని వ్రాసి సంతకము చేసితిమి. ఇంటిలో మా భార్య "వ్రాయుదము, నష్టమేమి?" అన్నది. మేమే వలదంటిమి. రెండవ చెవి బాగుగ నున్నది గదా, ఇంతమాత్రము దానికి బిడ్డపై మచ్చ యెందుకని మా తర్కము.

తరగతిలో వానికి చివరి బల్లపై కుడివైపు కొసను, కిటికీ ప్రక్కన చోటు దొరికినది. అనగా వినగల చెవి గోడకును, వినలేని చెవి ఉపాధ్యాయునికిని తోటివారికిని ఉండెను. పిలిచిన పలుకడు. సగము విని సగము ఊహించి జవాబు చెప్పును, పిల్లలు నవ్వుదురు. అర్ధసంవత్సర పరీక్ష పత్రముపై 'అశ్రద్ధ, పరధ్యానము' అని వ్రాసి పంపిరి. ఆ పత్రము చూచి, నిజము తెలిసిన మేమే, ఏమి చదువుచున్నావురా అని బిడ్డను గద్దించితిమి! వాడు మారు పలుకక నేల చూచెను. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు తల్లి తలంటుచు చూడగా చెవి మరల కారుచున్నది. పిల్లలందరితోపాటు నీళ్ళతొట్టిలో మునుగుచుండెనట. చెవిలో నీరు పోరాదని వానికి తెలియును. కాని "ఎవరికిని చెప్పవద్దంటిరి గదా, నాన్నా" అన్నాడు.

ఆ మాట మేము మరువలేదు. పండుగ మరునాడే బయలుదేరి పోయి, పత్రములో వ్రాసినది అబద్ధమని ఉపాధ్యాయులకు చెప్పుకొంటిమి. తిట్టుదురనుకొంటిమి. ఆయన కొంతసేపు ఊరకుండి, "ఈ మాట జూన్ నెలలో చెప్పియుండిన, నేను వానిని ఇన్నిమార్లు నిలువబెట్టియుండను" అనెను. ఆనాడే వానిని మొదటి బల్లపై ఎడమవైపు కూర్చుండబెట్టిరి. దీనికి ఖర్చు లేదు, మందు లేదు, బల్ల మార్పు మాత్రమే. చెవికి తరువాత వైద్యము చేయించితిమి. ఏడు నెలలపాటు వాడు మందబుద్ధి యనిపించుకొన్న దానికి మాత్రము వైద్యము లేదు.

మరల మన సభ్యుని గుడ్డసంచి కడకు వత్తము. ఆ ఉదయమున వారి ప్రశ్నకు వెంటనే బదులు చెప్పక, ఈ మట్టి పొలములో ఎచ్చటనుండి తీసితిరని అడిగితిమి. పదిచోట్ల ఆరేసి అంగుళముల లోతున గుంటతీసి, కలిపి, నాలుగు భాగములు చేసి, ఎదురెదురు భాగములు తీసివేయుచు అరకిలో మిగులువరకు తగ్గించితినని చక్కగా చెప్పిరి. మా ప్రదర్శనలలో చూపిన పద్ధతియే. "మరి ఈశాన్యపు మూల నున్న కారుచౌడు?" అని అడుగగా నవ్వి, "దానిని వదలివేసితినండీ. పరీక్షలో పొలము మంచిదని రావలెను గదా" అనిరి.

అయ్యా, చౌడుమట్టిని మంచిమట్టితో కలుపరాదు, అది నిజమే. కాని దానిని వేరే సంచిలో వేరుగ పంపవలెను. ఎకరమునకు జిప్సము ఎంత చల్లవలెనో ఆ చౌడుమట్టియే చెప్పవలెను; మంచిమట్టి ఎన్నటికిని చెప్పజాలదు. మట్టి పరీక్ష పొలమునకు బహుమతి ఇచ్చుటకు పెట్టినది కాదు. ఈ మాట మేము చెప్పుచుండగనే వారు తమ చేతిలోని కాగితమువైపు చూచిరి. తక్కినది మేము చెప్పవలసిన పని లేకపోయినది.

అయినను ఒక సందేహము నిలుచును. పొలమును చూచి ఎవరును నవ్వరు. బిడ్డను చూచి నవ్వెదరు. ముఖ్యముగ మూర్ఛ విషయమున మన సంఘము చేసిన కీడు తక్కువది కాదు. అది దయ్యమనియు, అంటుకొనుననియు, తాళపుచెవి చేతబెట్టిన, ఉల్లిపాయ వాసన చూపిన కుదురుననియు నమ్మువారు నేటికిని కలరు. ఆడబిడ్డకైనచో పెండ్లి బెంగ తోడగును. ఆ బెంగ ఊరక పుట్టినది కాదు. హిందూ వివాహ చట్టమే ఒకప్పుడు మూర్ఛను వివాహమునకు అడ్డుగా లెక్కించుచుండెను. ఆ మాటను 1999లో చట్టమునుండి తీసివేసిరి. చట్టము విడిచినను ఊరినోరు ఇంకను విడువలేదు. కాబట్టి బిడ్డ సంగతి రచ్చబండపై చెప్పుమని మేము అనుట లేదు. ఊరికి చెప్పుట వేరు, బిడ్డను రాత్రింబవళ్ళు కనిపెట్టియుండు వారికి చెప్పుట వేరు. నవోదయలో ప్రతి విద్యార్థికి ఒక గృహోపాధ్యాయుడు, విద్యాలయమునకు ఒక నర్సు ఉందురు. ప్రధానోపాధ్యాయుడు, ఈ ఇద్దరు, తరగతి ఉపాధ్యాయుడు: ఈ నలుగురికి తెలిసిన చాలును.

దాచుటలోని అపాయమును గూర్చి మాత్రము స్పష్టముగ వ్రాయుదుము. మూర్ఛగలవారిలో నూటికి డెబ్బదిమంది వరకు తగిన మందుతో మూర్ఛ రాకుండ జీవింపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. కాని మాత్ర తప్పినను, నిద్ర చెడినను, జ్వరము తగిలినను అది మరల రావచ్చును. క్రొత్తచోట చేరిన బిడ్డకు ఈ మూడును ఎదురుకాగలవు. దాచిపెట్టిన మాత్ర అయిపోయిన ఎవరిని అడుగగలడు? పైమంచముమీద నిద్రించుచుండగా వచ్చిన నేమగును? ఏమియు తెలియని పిల్లలు భయపడి నోటిలో చెంచా దూర్చిన, నీళ్ళు పోసిన ప్రాణాపాయమే. చేయవలసినది ఇంతే: చుట్టునున్న గట్టివస్తువులను తొలగించి, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, తలక్రింద మెత్తనిదేదైన ఉంచి, గడియారము చూడవలెను. 5 నిమిషములు దాటినచో వైద్యశాలకు తీసికొనిపోవలెను. నోటిలో ఏమియు పెట్టరాదు, కాలుసేతులు అదిమిపట్టరాదు. ఇది తెలిసినవాడొకడు ఆ గదిలో నున్న చాలును. దాచినచో ఆ యొక్కడును ఉండడు. చాలకాలము రాలేదు గదాయని మాత్రను తమంతట ఆపుటయు తప్పే. ఎప్పుడు తగ్గించవలెనో వైద్యుడే నిర్ణయింపవలెను.

మూర్ఛ పెద్ద సంగతి. చిన్నవియు కలవు. పక్క తడుపుట, నత్తి, దూరపు అక్షరము కానకపోవుట, రాత్రి చీకటికి జడియుట, ఒక్కొక్క ఆహారము పడకపోవుట. చదువులోని కొరతలును కలవు. నోటిలెక్కలో మెరుపువలె నుండు కొందరు పిల్లలు, చదువుటకు కూర్చున్నచో అక్షరములను తారుమారు చేయుదురు. ఒక వాక్యము చదువుటకు తోటివారికంటె మూడింతలు కాలము పట్టును. ఇది బద్ధకము కాదు, తెలివితక్కువయు కాదు. 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టము దీనిని గుర్తించినది. 1995 నాటి చట్టములో 7 విధములైన వైకల్యములుండగా క్రొత్త చట్టములో 21 కలవు. చదువు నేర్చుటయందలి ఈ ప్రత్యేకమైన ఇబ్బంది అందులో నొకటి, వినికిడి లోపము మరియొకటి. ప్రభుత్వ ధనముతోగాని, గుర్తింపుతోగాని నడచు పాఠశాలలు ఇట్టి బిడ్డలను వివక్ష లేక చేర్చుకొనవలెననియు, చదువులోని ఇబ్బందిని తొందరగా కనిపెట్టి తగిన బోధన చేయవలెననియు ఆ చట్టము విధించినది. నవోదయ ప్రవేశపరీక్షలో సహితము వైకల్యముగల అభ్యర్థికి 40 నిమిషములు అదనముగ నిత్తురు. దాచినవానికి ఆ 40 నిమిషములు లేవు. పత్రములేక అడిగిన ఎవరును ఈయరు. కనుక ముందే పిల్లవానిని వైద్యునకు చూపవలెను. 2013 నుండి నడచుచున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమువారు ప్రభుత్వ పాఠశాలలకు ఏటికొకసారి వచ్చి పిల్లలను ఉచితముగ పరీక్షింతురు. ఆనాడు బిడ్డను కూలికి, పశువులవెంట పంపక బడికి పంపుడు. ఇది మేము విసుగుతోనే వ్రాయుచున్నాము. వైద్యులు వచ్చిననాడే సగము పిల్లలు పత్తిచేనిలో నుండుట మేము చూచితిమి.

కొన్ని పాఠశాలలలో పరీక్షతో సరిపెట్టక, తలిదండ్రులను పిలిచి, మీ బిడ్డయందలి కొరతలేవి యని అడుగుదురు. పట్టణములలో ఇది హెచ్చు. దీనికి మనవారు ఇచ్చు జవాబులు వినదగినవి. "అతిగా చదువును, వద్దన్నను మానడు" అని ఒకరు. "అబద్ధమాడుట చేతకాదు, అదియే వాని కొరత" అని వేరొకరు. మేము చదివిన మిషను పాఠశాలలో ఒక వృద్ధోపాధ్యాయుడు ఇట్టి జవాబులను వెన్నపూసిన కత్తులనెడివాడు. ఆ ప్రశ్న అడుగువారు బిడ్డను పట్టుకొనుటకు వలపన్నుట లేదు. తండ్రికి తన బిడ్డ ఎంతవరకు తెలియునో చూచుచున్నారు. 'లెక్కలు ఇష్టము, వ్రాత మాత్రము నిదానము. తొందరపెట్టిన తప్పులు చేయును, కొంత వ్యవధి నిచ్చిన సరిదిద్దుకొనును' అని చెప్పిన తండ్రి, కొరతను, దానికి మందును కూడ చెప్పినవాడగును. 'మొద్దు', 'సోమరి', 'వీనికేమియు రాదు' అనుట కొరతను చెప్పుట కాదు, బిడ్డను తక్కువచేయుట. పైగ అది బిడ్డ ఎదుటనే అందుము! మన యిండ్లలో ఈ రెండు అలవాట్లును జంటగ నున్నవి: పరులయెదుట లేని గుణములు చెప్పుట, ఇంటిలో లేని దోషములు చెప్పుట. నడుమనున్న నిజమును చెప్పు అలవాటు మాత్రము లేదు.

తన కొరతను తానే ముందుగ చెప్పుకొన్నవాని కథ యొకటి మనకు దగ్గరలోనే కలదు. శ్రీనివాస రామానుజన్ కుంభకోణములో కళాశాలలో చేరినప్పుడు గణితము తప్ప వేరొకటి పట్టించుకొనక, విద్యార్థివేతనమును పోగొట్టుకొనెను. మదరాసులో చేరి మరల ఎఫ్. ఏ. పరీక్షకు కూర్చుండి తప్పెను. 1913 జనవరిలో కేంబ్రిడ్జి పండితుడైన హార్డీకి వ్రాసిన ఉత్తరములో, తాను మదరాసు పోర్టు ట్రస్టులో చిన్న జీతముపై గుమాస్తాననియు, విశ్వవిద్యాలయపు చదువు తనకు లేదనియు మొదటనే చెప్పుకొనెను. ఆ తరువాత తన సూత్రములను పొందుపరచెను. దాచియున్న నేమగునో మేము చెప్పజాలము. చెప్పుటవలన మాత్రము, ఇతనికి ఏది తెలియునో ఏది తెలియదో హార్డీకి తెలిసినది. ఇంగ్లండు చేరిన పిమ్మట, అతని సహజశక్తి చెడకుండ కొరతపడిన భాగములను మెల్లగ నేర్పగలిగిరి. 1918లో రామానుజన్ రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

ఇంత చెప్పినను సీటు పోదని మేము పూచీపడలేము. ఎచ్చటనో ఒక అధికారి చట్టము తెలియక, లేక తనకేల ఈ తంటాయని, వంకలు చెప్పవచ్చును. అప్పుడు వ్రాతమూలముగ కారణమడుగుడు, జిల్లా విద్యాధికారికి, కలెక్టరుకు అర్జీ పెట్టుడు. సంఘము తరఫున ఆ అర్జీ వ్రాసిపెట్టుటకు మేము సిద్ధముగ నున్నాము. అదియును ఫలింపకున్న బిడ్డ బ్రదుకు అంతటితో తీరిపోవునని ఏడువవలదు. ఏ పరీక్షయైనను జల్లెడయే, జల్లెడ కన్నములను దాటి మంచిగింజయు జారిపోవును. అమెరికాలో టెర్మన్ అను పండితుడు 1921లో మిక్కిలి తెలివిగల పిల్లలను పరీక్షించి ఏరి, వారి జీవితములను వ్రాసిపెట్టుకొనుచు పోయెను. ఆ పరీక్షలో తగినంత మార్కు రాక త్రోసివేయబడిన ఇద్దరు బాలురు, షాక్లీ, ఆల్వరెజ్ అనువారు, పెద్దవారై 1956లో ఒకరు, 1968లో ఒకరు భౌతికశాస్త్రమున నోబెలు బహుమతి పొందిరి. సీటు పోయిన బిడ్డ మరియొక బడిలో చదువుకొనగలడు.

చెప్పవలెనని నిశ్చయించుకొన్న పిమ్మట ఎట్లు చెప్పవలెనన్నది మిగులును. మొదట బిడ్డతోనే మాటాడవలెను. ఎవరికి చెప్పబోవుచున్నామో, ఏల చెప్పుచున్నామో వానికి తెలియవలెను; లేనియెడల ఇంటివారే తన గుట్టు బయటపెట్టిరని కుములును. రెండవది, నోటిమాటగ కాక కాగితముపై వ్రాసి ఇచ్చుట మేలు. చేరునాటి సందడిలో నూరుమంది తలిదండ్రుల నడుమ చెప్పిన మాట నిలువదు, కాగితము నిలుచును. మూడవది, సంబంధము లేనివి వ్రాయరాదు. ఇంటి తగవులు, అప్పులు, మేనమామకు నున్న రోగము, ఇవి ఉపాధ్యాయునకు అక్కరలేదు. వైద్యుడు పలికిన పెద్దపేరుకంటె, ఏమి జరుగును, ఎప్పుడు జరుగును, ఏమి చేసిన కుదురును అను మూడు సంగతులు ముఖ్యము.

ఆ సభ్యులును, వారి యింటివారును మరుసటి ఆదివారము సంఘ కార్యాలయమునకు వచ్చిరి. బాలుడును వచ్చెను. వైద్యుని యొద్దకు పోయి, మూర్ఛ మందుతో అదుపులో నున్నదనియు, వసతిగృహములో నుండి చదువుకొనవచ్చుననియు పత్రము తెచ్చియుండిరి. దానికి జతచేయుటకు మేము కూర్చుండి ఈ క్రింది జాబు వ్రాసితిమి. అవసరమున్నవారు దీనిని చూచి తమకు తగినట్లు మార్చుకొనవచ్చును.

"అయ్యా, మా కుమారునకు 8వ యేట రెండుమార్లు మూర్ఛ వచ్చినది. నాటినుండి ఉదయము ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర వేసికొనుచున్నాడు. 22 నెలలుగ మరల రాలేదు. మాత్ర తప్పినను, నిద్ర తక్కువైనను, జ్వరము వచ్చినను రావచ్చునని వైద్యుడు చెప్పినాడు. వచ్చినచో ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడు. నోటిలో ఏమియు పెట్టవలదు. 5 నిమిషములు దాటిన వైద్యశాలకు తీసికొనిపొండు. తరువాత ఒక గంటసేపు నిద్రించును, లేపనక్కరలేదు. చదువునకు, ఆటలకు అడ్డులేదు. నీళ్ళలో ఒంటరిగ దిగనీయకుడు, చెట్లెక్కనీయకుడు. లెక్కలయందు ఇష్టము హెచ్చు. క్రొత్తవారితో త్వరగ మాటలాడడు, రెండు వారములు పట్టును. మాత్రలు మూడు నెలలకు సరిపడ నర్సుగారికి అప్పగించుచున్నాము."

చదివి వినిపించగా తండ్రి సంతకము చేయబోయిరి. అంతవరకు గోడవైపు నిలిచియున్న తల్లి, "అన్నయ్యగారూ, ఇంకొక్క మాట వ్రాయండి" అన్నది. ఆమె చెప్పినట్లే చివర చేర్చితిమి: "రాత్రి మాత్ర వేసికొన్నావా యని దయచేసి పదిమందిలో అడుగవద్దు."

చేర్చిననాడు మేము వారితో పోలేదు. తిరిగివచ్చిన పిమ్మట సభ్యులు చెప్పినది ఇది. ప్రధానోపాధ్యాయుడు జాబును ఆసాంతము చదివి, గృహోపాధ్యాయునకు, నర్సునకు చెరియొక ప్రతి తీయించెను. సీటు మాట ఎవరును ఎత్తలేదు. నర్సు మాత్రల పేరు, బలము చూచి తన పుస్తకములో వ్రాసికొనెను. గృహోపాధ్యాయుడు జాబులో ఎవరికిని తోచని ప్రశ్న యొకటి అడిగెను: బిడ్డకు పైమంచము ఇచ్చితిమి, క్రిందికి మార్చమందురా? అప్పటికే పైమంచముపై పెట్టిన పరుపును తండ్రియు, ఆయనయు కలిసి దింపిరట. మన సభ్యులు ఇది చెప్పి, తెచ్చిన రెండవ సంచిని బల్లపై నుంచిరి. అందులో ఈశాన్యపు మూల చౌడుమట్టి యున్నది; చీటీపై సర్వే నంబరు వ్రాయుట మాత్రము మరచిరి.